బందూక్ బాపు మక్ఖీకి బొట్టు

ఆ రోజుల్లో నా కళ్లు భేషుగ్గా ఉండేవి. శంషాబాద్ బస్టాండులో నిలబడితే, మలుపు దగ్గర బస్సు కనిపించీ కనిపించగానే దాని నంబరు చదివి చెప్పేసేవాణ్ణి (ఎవరూ అడగకపోయినా). కళ్లు అంత బాగున్నవాడికి బుద్ధి కూడా అంతే బాగుంటుందని ఎందుకనుకున్నానో ఇప్పుడు గుర్తులేదు గానీ, గట్టిగానే అనుకున్నాను. కొత్త విమానాశ్రయం వచ్చిన తొలి ఏళ్లవి. నిన్నటిదాకా జొన్న వేసిన చేలల్లో గోదాములు లేచాయి. ప్రతి గోదాముకూ ఒక కాపలావాడు కావాల్సి వచ్చాడు, కాస్త పెద్ద గోదామైతే తుపాకీ ఉన్న కాపలావాడే కావాల్సి వచ్చాడు. అలాంటివాళ్లను పంపే ఒక ప్రైవేటు కంపెనీలో ఇరవై మూడేళ్ల వయసులో నేను స్టోర్ బాబుగా చేరాను. పొద్దున గన్‌మన్లకు తుపాకులు అందించడం, డ్యూటీ దిగాక తీసుకుని, తుడిచి, నూనె రాసి, బీరువాలో పెట్టి తాళం వేయడం నా పని. ఒక్కసారి కూడా పేల్చి ఎరగను. అయితేనేం, డిగ్రీ ఉంది, ఆఫీసు కంప్యూటర్లో ఇంటర్నెట్ ఉంది, తుపాకుల గురించి నాకు తెలియనిది లేదనే నా నమ్మకం.

మా గన్‌మన్లందరిలోకీ పెద్దాయన బందూక్ బాపు. రావిర్యాలలో సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చి, మా కంపెనీలో మళ్లీ తుపాకీ పట్టాడు. ఆయన అసలు పేరేమిటో ఊళ్లో సగం మందికి తెలియదు. ఆయన బందూక్ బాపు, ఆయన భార్య బందూకవ్వ, వాళ్ల ఇల్లు బందూకోళ్ల ఇల్లు. ఒకసారి వాళ్ల బర్రె తప్పిపోతే, "బందూకోళ్ల బర్రె గీడున్నది" అని హార్డ్‌వేర్ పార్కు దగ్గర్నుంచి ఎవరో కబురు పంపారట. ఈ ముక్క ఆయనే మీసం దువ్వుకుంటూ నాకు చెప్పాడు.

ఏడాదికోసారి మా వాళ్లకు చాంద్‌మారీ ఉండేది, అంటే గురి పరీక్ష. తుక్కుగూడ దాటాక ఒక గుట్ట కింద చెక్కకు తెల్ల కాగితం అతికిస్తారు, దాని మధ్యలో పళ్లెమంత నల్ల గుండ్రం. అయిదు తూటాలిస్తారు, మూడు ఆ నల్లదాంట్లో పడాలి. పడకపోతే తుపాకీ తీసేసుకుని, చేతికి లాఠీ ఇచ్చి గేటు దగ్గర నిలబెడతారు. ఆ ఏడు పరీక్షకు ముందు ప్రాక్టీసులో బాపు కొట్టిన అయిదింట్లో ఒక్కటే కాగితానికి తగిలింది, అదీ పక్కవాడి కాగితానికి. మా మేనేజరు గారు కోస్తా వైపు నుంచి వచ్చిన మర్యాదస్తుడు. "హవల్దారు గారూ, పరీక్షలో కూడా ఇలాగే అయితే నేనేమీ చేయలేనండీ" అన్నాడు మెల్లగా. "గొట్టం వంగింది సార్" అన్నాడు బాపు. గొట్టం వంగలేదని తేలాక తూటాలు పాతవన్నాడు. తూటాలు కొత్తవని తేలాక హిమాయత్ సాగర్ దిక్కు నుంచి గాలి కొట్టిందన్నాడు.

రెండు రోజుల తర్వాత స్టోర్ రూము గడప మీద కూర్చుని, "బిడ్డా, లాఠీ వట్టుకొని ఊళ్లె ఎట్ల తిరగాలెరా? మా ముసల్దాన్ని ఇగ లాఠవ్వ అంటరా?" అన్నాడు. నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాను. అప్పుడే ఒక విమానం మా నెత్తి మీదుగా దిగుతోంది. "కండ్లు జర పరీక్ష చేయించుకోరాదు బాపూ" అన్నాను. "నా కండ్లకేమైందిరా? గా ఇమానం తోక మీద ఎర్ర గీత ఉన్నది, సూస్కో" అన్నాడు. చూశాను, ఉంది. లోపలికి వెళ్లి ఆయన తుపాకీ తెచ్చి, ఖాళీగా ఉందని విప్పి చూపించి చేతికిచ్చాను. "మరి మక్ఖీ కనవడుతుందా?" (గొట్టం చివర పెసరగింజంత ఇత్తడి గుండు ఒకటి ఉంటుంది, దాన్నే మక్ఖీ అంటారు. దాన్ని చూసుకుని కొడితేనే గురి.) బాపు తుపాకీ ఎత్తి, ఒక కన్ను మూసి, అది తెరిచి రెండోది మూసి, రెండూ తెరిచి, "గీడనే ఉంటది, ఎటు వోతది?" అన్నాడు. అదీ సంగతి. ఆకాశంలో విమానం తోక కనిపిస్తోంది, చేతిలో తుపాకీ కొన కనిపించడం లేదు. చత్వారం. అద్దాల మాట ఎత్తితే మాత్రం, "హవల్దార్‌కు అద్దాలా? మంచిగనే ఉన్నది నీ ముచ్చట!" అని లేచి వెళ్లిపోయాడు.

అద్దాలు పెట్టుకోకపోతే మక్ఖీనే మార్చేద్దాం అని నాకు తోచింది. (తోచడమేమిటి, ముందు రోజు మధ్యాహ్నం ఆఫీసు కంప్యూటర్లో చదివాను.) మేనేజరు గారి అనుమతి తీసుకుని, పాతబస్తీలో మా తుపాకులు బాగుచేసే ఉస్తాద్ దగ్గరికి వెళ్లాను. సీసా అడుగుల్లాంటి అద్దాలు పెట్టుకున్న పెద్దాయన. బాపు సంగతంతా విని, పాత జర్దా డబ్బా తీసి మూత విప్పితే లోపల అన్నీ మక్ఖీలే. ఇత్తడివి, ఉక్కువి, తెల్లవి, పచ్చ ప్లాస్టిక్‌వి. "సునో బేటా," అన్నాడు, "ముసలి కన్ను ఒక్క జాగాలనే నిలుస్తది. దాన్ని మక్ఖీ మీద నిలవెట్టాలె. కాగజ్ మసకగ కనవడ్డా పర్వా లేదు, మక్ఖీ మసకైతే ఖతం. మీ బడేమియా మక్ఖీని దేని మీద వెట్టి కొడ్తడు? ముందు గది అడుగు." అడగడానికేముంది, కొట్టాల్సింది నల్ల గుండ్రాన్నే కదా! "నల్లదాని మీద" అని నేనే చెప్పేశాను. "పక్కా?" అన్నాడు. "పక్కా ఉస్తాద్" అన్నాను. ఆయన అద్దాల మీదుగా నన్నొకసారి చూసి, డబ్బా మొత్తం నా చేతిలో పెట్టాడు.

మా ఆఫీసు పెరట్లో గోడవారగా ఒక పాత నల్ల నీళ్ల ట్యాంకు బోర్లించి ఉండేది. ఖాళీ తుపాకీకి ఒక్కో మక్ఖీ బిగించి, బాపుతో దాని వైపు గురి పెట్టించాను. పెద్ద ఉక్కుది బిగిస్తే, "గిదేందిరా, లడ్డూ లెక్కున్నది! ట్యాంకే మూసుకపాయె" అన్నాడు. పచ్చది బిగిస్తే కనిపించింది గానీ ఆయనకు నచ్చలేదు. "మా మన్మరాలు గిసుంటియి జడకు వెట్టుకుంటది. హవల్దార్ తుపాకికి గిది వెడ్తె నలుగురు నవ్వుతరు." తెల్లది బిగించాను. బాపు నోరు కాస్త తెరిచి, ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయాడు. "వచ్చింది బిడ్డా, సుక్క లెక్క వచ్చింది" అన్నాడు. ఆ గొంతు విని నా కళ్లు చెమర్చాయి. ఆ పైన ఛాతీ కూడా ఉబ్బింది, అది దాచడమెందుకు.

మరునాడే దసరా. ఆఫీసు హాల్లో జంపఖానా పరిచి తుపాకులన్నీ వరసగా పెట్టాం. మా ఆఫీసులో టీ పెట్టే అక్క ప్రతి తుపాకీ మడమకూ పసుపు రాసి కుంకుమ పెట్టుకుంటూ వచ్చింది. బాపు తన తుపాకీ దగ్గరికి రాగానే పళ్లెం తానే అందుకున్నాడు. దీపంలో నూనె చుక్కతో కుంకుమ తడిపి, మక్ఖీకి నిండుగా బొట్టు పెట్టాడు. "సూసేది గదే గదక్కా, దానికి వెట్టకుంటె ఎట్ల?" అన్నాడు. పండగ మర్నాడు ప్రాక్టీసు. అయిదింటికి నాలుగు! నల్లదాంట్లో! బాపు గుట్ట వైపు తిరిగి, "అమ్మోరి దయ" అని దండం పెట్టుకున్నాడు. నేను జాలిగా నవ్వి, నలుపు మీద తెలుపు ముసలి కంటికి ఎలా ఆనుతుందో ఆయనకు పావుగంట వివరించాను. మేనేజరు గారికి వివరించాను. టీ అక్కకు కూడా వివరించాను. ఆమె గ్లాసులు కడుక్కుంటూ, "గట్లనా సారూ" అంది.

పండగ బొట్లు కదా అని అప్పటిదాకా తుడవకుండా ఉంచిన తుపాకులన్నీ పరీక్షకు ముందు రోజు తళతళలాడించాను. పసుపూ కుంకుమా అలాగే ఉంటే ఇనుము తుప్పు పడుతుందని నియమం. తుడవడంలో నన్ను మించినవాడు లేడు కాబట్టి బాపు మక్ఖీని కూడా గుడ్డతో నాలుగుసార్లు రుద్దాను. తెల్లగా ముత్యంలా మెరిసింది. మర్నాడు పొద్దున, పరీక్ష అంటే అది నాకే అనుకుందో ఏమో, మా అమ్మ నా నుదుటి మీద ఇంత బొట్టు పెట్టి పంపింది.

బాపు మొదటి తూటా గుట్టకు తగిలి మట్టి లేచింది. రెండోది కాగితం అంచును చింపుకుంటూ పోయింది. మా వెనక మేనేజరు గారు గొంతు సవరించుకున్నాడు. బాపు తుపాకీ విప్పి, ఖాళీ తూటాలు తీసేసి, నా వైపు తిరిగాడు. "మక్ఖీ ఏడ వోయిందిరా?" "ఉంది బాపూ, నల్లదాని మీద పెట్టు" అన్నాను. "నల్లదాని మీద ఎవడు వెడ్తడు? నల్లదాని కింద వెట్టాలె, తెల్ల కాయితం మీద! మిలిటరీల ఇన్నేండ్లు గట్లనే కొట్టిన!" తెల్ల కాగితం మీద తెల్ల మక్ఖీ. మొన్నటి ప్రాక్టీసులో ఆయన చూసింది మక్ఖీని కాదు, దాని మీది ఎర్ర బొట్టుని. "బొట్టేదిరా? ఎవడు తుడిచిండు?" అన్నాడు. "నేనే" అన్నాను.

తిడతాడనుకున్నాను. మిగిలింది మూడే తూటాలు, మూడూ నల్లదాంట్లో పడాలి, లేకపోతే రావిర్యాలకు లాఠీతో వెళ్లాలి. బాపు నన్నొక క్షణం చూసి, "ఇటు రా" అన్నాడు. దగ్గరికి వెళ్లాను. బొటనవేలు నాలికకు తడి చేసుకుని నా నుదుటి మీద గట్టిగా అద్ది, అదే వేలితో మక్ఖీకి రాశాడు. పరీక్ష పెట్టే సారు, రిటైరైన పోలీసాయన, "ఏందయ్యా గది?" అని అరిచాడు. "పూజ సార్" అన్నాడు బాపు. పూజ వద్దనే నియమం ఆయన దగ్గరున్న కాగితాల్లో లేదు. మూడోది పడింది. నాలుగోది పడింది. అయిదోది కొట్టాక అందరం కాగితం దగ్గరికి నడిచాం. ఆ చిల్లు సరిగ్గా నల్లదాని అంచున ఉంది. సారు అద్దాలు నుదుటి మీదికి జరిపి చూశాడు, ముక్కు మీదికి దించి చూశాడు, కాగితానికి ముక్కు ఆనించి చూశాడు. చివరికి నన్ను పిలిచి, "పోరడా, నీ కండ్లు మంచిగున్నట్టున్నయ్. గీతకు తాకితే లోపల వడ్డట్టే. తాకిందా?" అన్నాడు. నా కళ్లను అంత భయంగా ఎప్పుడూ వాడలేదు. బాపు నా వైపు చూడకుండా విమానాల దిక్కు చూస్తున్నాడు. "తాకింది సార్. పావు వంతు లోపలే ఉంది" అన్నాను. అది నిజం. నిజమైనందుకు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

మేనేజరు గారు మెచ్చుకుంటే బాపు, "పిలగాడు మంచి మక్ఖీ దెచ్చిండు సార్" అన్నాడు. ఎక్కడ దూరాలో తెలియక నేను తూటాల పెట్టెలు సర్దుతూ కూర్చున్నాను. డబ్బా వాపసు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఉస్తాద్ మొత్తం విని, కళ్ల నీళ్లు తుడుచుకునేదాకా నవ్వి, "అడుగమన్న గదా బేటా" అన్నాడు. తెల్లదాన్ని తీసుకుని ఎర్రది ఒకటి ఇచ్చాడు.

మరుసటేడు పరీక్షకు ఇంకా నెల ఉండగానే బాపు డ్యూటీ దిగి వచ్చి, తుపాకీ విప్పి బల్ల మీద పెట్టాడు. "గా అయిదోది నిజంగనే తాకిందారా?" అన్నాడు. "ఒట్టు బాపూ, తాకింది." "సరే. అయితే ఈ ఏడు నేనే చెప్తున్న. ఎర్రది గూడ కనవడ్తలేదు బిడ్డా. ఎవనికన్న తాకకముందే ఇచ్చేస్తె మంచిది" అన్నాడు. లాఠీ తీసుకోలేదు, ఇంటికి వెళ్లిపోయాడు. ఊళ్లో మాత్రం ఎవరూ ఏమీ మార్చలేదు. ఆయన చివరిదాకా బందూక్ బాపే. అవ్వ బందూకవ్వే, బర్రె బందూకోళ్ల బర్రే.

నాకిప్పుడు నలభై దాటాయి. బస్సు నంబర్లు ఇప్పటికీ చదువుతాను, చేతిలో ఫోనే అలుక్కుపోయినట్టుంటుంది. మొన్న శంషాబాద్‌లో కళ్లద్దాల దుకాణానికి మా ఆవిడ లాక్కుపోతే, అక్షరాల కార్డు ఇచ్చిన అమ్మాయితో, మీ దుకాణంలో బల్బు సరిగ్గా వెలగడం లేదని చెప్పి లేచి వచ్చేశాను. మా ఇంట్లో టీవీ రిమోట్ మీద, సౌండు తగ్గించే మీట దగ్గర ఒక ఎర్ర బొట్టు ఉంటుంది. అదేమిటని ఎవరైనా అడిగితే దసరా నాడు పూజ చేశామని చెబుతాను. దసరా అయిపోయి ఆరు నెలలైంది. ఆ బొట్టు జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వను.