ఎడమచేత్తో తినని మనిషి

మా తోటికోడలికి పక్షవాతం వచ్చింది కిందటేడు రథసప్తమి మర్నాడు, పొద్దున ఎనిమిదింపావుకి. కొత్తగూడలో మా రెండు కుటుంబాలవీ ఎదురెదురు ఫ్లాట్లు. ఆవిడ నా చేతికి అందిస్తుండగా దోసెపిండి గిన్నె జారి కిందపడింది. పిండంతా పాడైందని విసుక్కుంటూ తలెత్తి చూద్దును కదా, ఆవిడ మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది. నేను ముందు చూసింది ఆవిడ మొహం, తర్వాత గోడ గడియారం. ఖజానా ఆఫీసులో పనిచేసి రిటైరైనదాన్ని. ఏం జరిగినా ఎప్పుడు జరిగిందో చూసుకోకుండా ఉండలేను.

"గ్యాస్ అయ్యుంటుంది వదినా, కాస్త పడుకుంటే సర్దుకుంటుంది," అన్నాడు మా మరిది, భార్యని సోఫాలో కూర్చోబెట్టి సోడా సీసా వెతుకుతూ.

గిన్నె చప్పుడుకి పక్క ఫ్లాటావిడ వచ్చింది. ఆవిడ పుట్టింది, మెట్టింది ఈ కొత్తగూడలోనే.

"గ్యాస్ ఏంది అన్నా, మూతి గట్ల వంకర పోతుంటే! నోట్ల నీళ్లు గిట్ల పొయ్యకుర్రి. దవాఖానకు పోదాం, నడువుర్రి," అని కారు తాళాలు తెచ్చింది. ఆ వేళకి ఆఫీసు జనమంతా రోడ్డు మీదే ఉన్నారు. ఆవిడ హారన్ మీద చెయ్యి తియ్యకుండా పోనిచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?" అని. చెప్పాను. నాలుగున్నర గంటల్లోపు అయితేనే రక్తపు గడ్డని కరిగించే మందు ఇస్తారట. ముందు తల స్కానింగు తీశారు. ఎందుకని అడిగాను. లోపల రక్తనాళం చిట్లి ఉంటే ఇదే మందు ప్రాణం తీస్తుందన్నాడు. ఇదివరకు గంటసేపు ఎక్కించాల్సి వచ్చేదనీ, ఇప్పుడు ఒక్క ఇంజెక్షన్‌తో అయిపోయే మందు వచ్చిందనీ, రెండింటినీ పోల్చి చూసిన పరిశోధనల్లో ఇది పాతదానికి తీసిపోలేదని తేలాకే మార్చుకున్నామనీ కూడా చెప్పాడు. నేనడిగిన ప్రతిదానికీ విసుక్కోకుండా జవాబిచ్చాడు. స్కానింగులో రక్తం కనబడలేదు, ఆ ఇంజెక్షనే ఇచ్చారు.

మా మామగారికి ఇదే జబ్బు వచ్చినప్పుడు పసరు తాగించి, పథ్యం పెట్టి, కదలకుండా పడుకోబెట్టారు. ఆయన మళ్లీ లేవలేదు. అది చూసిన కళ్లతోనే ఇదీ చూశాను. ఒక్క జీవితకాలంలో ఇంత దూరం వచ్చారా అని ఆ ఆసుపత్రి వరండాలో కూర్చుని నిజంగా ఆశ్చర్యపోయాను.

మాట ముద్దగానైనా వచ్చింది. పట్టుకుంటే నడిచేది. కుడిచెయ్యి మాత్రం ఒళ్లో పెడితే ఒళ్లోనే ఉండేది. మణికట్టు కొంచెం లేచేది, వేళ్లు సగం తెరుచుకునేవి, అంతే.

ఇంటికొచ్చిన రోజే చెప్పేసింది. "ఎడంచేత్తో అన్నం ముట్టుకోను అక్కయ్యా. కుక్కకి కూడా ఆ చేత్తో పెట్టి ఎరగను."

"చెంచా పట్టుకో. ఈ ఆఫీసుల వాళ్లంతా చెంచాలతోనే తింటున్నారు," అన్నాను.

"వాళ్లు నిలబడి తింటారు, నడుస్తూ తింటారు, ఫోన్లో మాట్లాడుతూ తింటారు. అవన్నీ నేర్చుకోనా ఈ వయసులో?"

దాంతో మా మరిది పెట్టడం మొదలుపెట్టాడు. పుట్టి బుద్ధెరిగి తన కంచం తను తియ్యని మనిషి, కందిపచ్చడిలో నెయ్యి కలిపి చిన్న చిన్న ముద్దలు చేసి పెళ్లానికి తినిపించేవాడు. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

అసలు చిక్కు శ్రావణంలో వచ్చింది. వాళ్లమ్మాయి నిజాంపేటలో ఫ్లాటు కొనుక్కుంది, కార్తీకంలో గృహప్రవేశం పెట్టుకుంది. మా వైపు పంక్తిభోజనం లేకుండా శుభకార్యం లేదు. "వస్తాను, హారతిస్తాను, వచ్చేస్తాను. నలుగురిలో ఒకళ్ల చేత తినిపించుకుంటూ కూర్చోను," అంది మా తోటికోడలు. కొత్తింట్లో కన్నతల్లి విస్తరి ముందు కూర్చోకుండా వెళ్లిపోవడమేమిటని కూతురు ఏడ్చింది. ఈవిడ కరగలేదు.

ఇంటికొచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు ఇంకా పాతికేళ్లు దాటని పిల్ల. ఓ మధ్యాహ్నం తొందరగా వచ్చి మా మరిది ముద్దలు పెట్టడం కళ్లారా చూసింది.

"అంకుల్, మీరిలా పెడుతుంటే ఆంటీ చెయ్యి రిటైరైపోతుంది!"

ఎడంచేత్తో తినదమ్మా అని నేను సంజాయిషీ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ దగ్గరగా లాక్కుని ఆవిడ మణికట్టు, వేళ్లు మళ్లీ ఒకసారి పరీక్షించి చూసింది.

"ఆంటీ, మేము బాగున్న చేతికి తొడుగు వేసి కట్టేస్తాం, రెండోది పనిలోకి దిగాలని. ఆ తొడుగు ఉంచుకోమని ఒక్కొక్కళ్లని బతిమాలుకోవాలి. మీరు తొడుగు లేకుండానే కట్టేసుకున్నారు. ఇక అంకుల్ చేతులు కూడా కట్టేస్తే సరి."

చేతిలో ఈ మాత్రం కదలిక మిగలనివాళ్లకి ఈ పద్ధతి పనిచెయ్యదని కూడా చెప్పింది. నాకు పూర్తిగా తెలియాలని మళ్లీ అడిగితే, వాడని చేతిని మెదడు మర్చిపోతుందనీ, పని చెప్తూ ఉంటే దెబ్బతిన్న చోటు పక్కనున్న భాగాలు ఆ పని కొంత అందుకుంటాయనీ, ఇది పరిశోధనల్లో చూశారనీ వివరించింది. వాడని ఖాతా మూతపడ్డట్టన్నమాట. నాకు చప్పున అర్థమైంది.

ఆ పూట నుంచి మా మరిది రోజుకిన్ని ముద్దలు తగ్గిస్తూ పెట్టడం మానేశాడు. మరమరాలు ఏరడంతో మొదలై, చిక్కుడుకాయలు ఒలవడం, ఆ తర్వాత మెత్తగా వండిన అన్నం. ముద్ద నోటి దాకా వచ్చి చీర మీద పడేది. మళ్లీ కలుపుకునేది. మళ్లీ పడేది. చూడలేక మా మరిది బాల్కనీలోకి వెళ్లిపోయేవాడు.

"ఏమండీ, అక్కడ ముహూర్తం చూస్తున్నారా? వచ్చి చారు పొయ్యండి," అని ఆ ముద్దమాటతోనే కేకేసేది. నేను ఎదురుగా కూర్చుంటే, "అక్కయ్యా, నా కంచంలో తనిఖీలు చెయ్యకు," అనేది. ఒక్కరోజు కూడా ఆ చేతిని తిట్టుకోవడం నేను వినలేదు. నేనైతే తిట్టుకునేదాన్ని.

చెయ్యి మునుపటిలా అయిందని రాయను. కాలేదు. చిటికెనవేలు ఇప్పటికీ మాట వినదు, సీసా మూత తియ్యలేదు.

గృహప్రవేశానికి వెళ్లాం. భోజనాలు కింద పార్కింగులో. హారతిచ్చాక మా తోటికోడలు గుమ్మం వైపు చూసింది, కూతురు ఆవిడ వైపు చూసింది. ఆవిడ మెల్లగా నడిచి వచ్చి నాకూ, పక్క ఫ్లాటావిడకూ మధ్య విస్తరి ముందు కూర్చుంది.

పప్పన్నం తింది. చారన్నం తింది. కొంత విస్తట్లోకి జారింది, కొంత బల్ల మీదికి. మేమంతా పెరుగన్నం ముగించేసరికి ఆవిడ అప్పుడే మొదలుపెట్టింది. పంక్తిలో ఆఖరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. అందరూ ఎండిపోతున్న చేతులతో కూర్చున్నారు. మా కుర్చీల వెనకాల రెండో పంక్తి వాళ్లు, అల్లుడి ఆఫీసు స్నేహితులు, ఆకలితో నిలబడి ఉన్నారు. ఎదురు వరసలోంచి మా మరిది ఇటు రావడానికి సగం లేచాడు.

"కూసో అన్నా!" అంది పక్క ఫ్లాటావిడ. "అక్కా, నువ్వు నిమ్మలంగ తిను. మాకేం తొందర లేదు."

మా తోటికోడలు తలెత్తలేదు. మూడు వేళ్లతో ఆఖరి మెతుకు దాకా తింది. హమ్మయ్య అని అందరూ కుర్చీలు వెనక్కి జరుపుతుండగా, అటు వెళ్తున్న వడ్డన మనిషిని కుడిచెయ్యెత్తి ఆపింది.

"ఇంకొంచెం పెరుగన్నం వెయ్యి నాయనా."

పంక్తంతా మళ్లీ కూర్చుంది.