పాపకు నీళ్ళుపోసే కాళ్ళు

రాయ్‌పూర్‌లో మా ఇంట్లో అక్క పురుడు పోసుకున్న ఆ ఎండాకాలం నేను కుళ్ళి చచ్చింది ఎదురింటి అత్తయ్యగారి కాళ్ళను చూసి. నవ్వితే నవ్వండి.

రోజూ పొద్దున్నే ఆవిడ వచ్చి, పెరట్లో పీట మీద కూర్చుని కాళ్ళు చాపేది. అక్క పాపకి నూనె రాసి ఆ కాళ్ళ మీద పడుకోబెట్టేది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేదు. నేనున్నాను గానీ, నా మోకాళ్ళ నుంచి పాదాల దాకా సోరియాసిస్. ఎర్రటి మచ్చలు, వాటి మీద రాలే తెల్లటి పొట్టు. అందుకని నాకు మిగిలిన పని వేణ్ణీళ్ళు తోడి ఇవ్వడం.

అది అంటుకునే జబ్బు కాదని దేవేంద్ర నగర్ డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అమ్మ ఆయన ముందు తలూపి, ఇంటికొచ్చి నా తువ్వాలు విడిగా ఆరేసింది. ఏ జన్మలోనో నేను పామును కొట్టానని ఆవిడ నమ్మకం. వంకాయ మానిపించింది, నాగులచవితి ఉపవాసాలు చేయించింది. చాదస్తమని నేను అరిచేదాన్ని. తీరా పాప పుట్టాక డాక్టరు మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. ఒకవేళ అంటుకుంటే?

అలాగని కుళ్ళు ఆగుతుందా? అత్తయ్యగారు “మా గుడియా, మా బొమ్మా, మా రాణీ” అని లాలపోస్తుంటే నాకు కడుపు రగిలిపోయేది. పాపకి సొంత పిన్నిని నేను. ఆ నున్నటి కాళ్ళు చూసి లోపల్లోపల ఏడ్చేదాన్ని.

ఒకరోజు పాప మెడ మీద ఎర్రగా పొక్కింది. ఉత్త చెమటకాయలు. అత్తయ్యగారు మాత్రం నా కాళ్ళ వైపు చూసి, “చిన్నమ్మాయి గానీ ఎత్తుకుందేటి?” అని అక్కనడిగింది. నేనసలు పాపని ముట్టుకుంటే కదా! బిందె అక్కడే వదిలేసి లోపలికి పోయాను.

మర్నాడు ఆవిడ రాకముందే అక్క నన్ను పీట మీద కూర్చోబెట్టింది. నేను కాళ్ళ మీద తువ్వాలు కప్పుకున్నాను.

“గుడ్డ మీద పాప జారిపోద్ది, తియ్యి.”

“అంటుకుంటేనో?”

“పెళ్ళయ్యేదాకా నీ పక్కలోనే పడుకున్నాను. నాకంటిందేటే?”

తువ్వాలు అక్కే లాగేసి, పాపని నా మచ్చల మీద పడుకోబెట్టింది. నూనె ఒళ్ళు, వెచ్చగా ఉంది. నేను పోసిన మొదటి చెంబు సగం నేలపాలైంది. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

అప్పుడే గేటు చప్పుడైంది. అత్తయ్యగారు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంటూ వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది.

“రేపట్నుంచి మీరు రానక్కర్లేదు అత్తయ్యగారూ,” అన్నాను, అక్క నోరు తెరిచేలోపే.