నున్నటి అతుకులు

వెల్డింగు చేసిన చోట బొటనవేలు పెట్టి లాగితే ఎక్కడా తగలకూడదు. డిప్లొమా పూర్తిచేసి విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో చేరినప్పుడు మా మేస్త్రి నాకు నేర్పిన మొదటి సంగతి ఇది. అతుకు ఎవడైనా వేస్తాడు, అక్కడ అతుకుందని తెలియకుండా చెయ్యడమే పనితనం అనేవాడు. నేను గ్రైండర్ పట్టుకుని గంటలకొద్దీ రుద్దేవాణ్ణి. ఆయన వచ్చి కళ్ళు మూసుకుని వేలితో తడిమేవాడు. ఎక్కడైనా గరుకు తగిలితే ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయేవాడు. ఆ వెళ్ళిపోవడం తిట్టుకన్నా ఎక్కువ. ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. ఇప్పటికీ బస్సెక్కితే ముందు సీటు కడ్డీ మీద నా వేలు దానంతటదే పోతుంది.

ఆ వేలి గొప్పతనంతోనే దేశం దాటి వచ్చి పాపకూర అనే ఊళ్ళో పనికి చేరి, ఒక ముసలాయన కారుని ఆయనకి కాకుండా చేశాను.

పాత కార్లను హాట్ రాడ్లుగా మార్చే షెడ్డు ఆయనది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కాలం నాటి కారు ఎక్కడో పొలంలో కోళ్ళు కాపురం చేస్తుండగా దొరుకుతుంది. దాన్ని తెచ్చి, తుప్పు గీకి, పైకప్పు నాలుగంగుళాలు కోసి కిందికి దించి, ముందు యాక్సిల్ వంచి ముక్కు నేలకి ఆనేలా చేసి, పెద్ద ఇంజను కూర్చోబెడతారు. ఈ కాలం సామాను ఒక్కటి పెట్టినా ఆయన ఒప్పుకోడు. డెబ్బై ఏళ్ళ కిందట కుర్రాళ్ళు పెరట్లో ఎలా కట్టుకునేవారో అలాగే ఉండాలి. మా తెలుగువాళ్ళ పిక్నిక్కుల్లో ఎవరైనా "ఏ కంపెనీ అండీ మీది?" అని అడిగితే ఇదంతా చెప్పేవాణ్ణి. "ఓ, మెకానిక్కా," అని ప్లేటులో పులిహోర వైపు చూసేవారు. నాకు ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత కార్ల ఫీల్డు అని ఊరుకోవడం నేర్చుకున్నాను.

ఆయన్ని అందరూ పేరు పెట్టి పిలిచేవారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. సార్ అంటే ఆయన చిరాకుపడ్డాడు. చివరికి మేస్త్రీ అన్నాను. దానర్థం అడిగి తెలుసుకుని, సరే అన్నాడు. షెడ్డులో మేమిద్దరమే. నా వీసా ఆ షెడ్డు పేరు మీదే ఉండేది, అంటే అక్కడ పని పోతే దేశంలో ఉండే వీలూ పోతుంది. మా ఆవిడ వీధి చివర డెయిరీలో, పాలూ బ్రెడ్డూ పేపర్లూ అమ్మే చిన్న కొట్టులో, కౌంటరు దగ్గర నిలబడేది. ఆమె వీసా కూడా నా వీసాకి వేలాడుతూ ఉండేది.

ఆయన ఊళ్ళోవాళ్ళకి కార్లు కట్టి ఇస్తూ తన కారుని ముప్ఫై ఏళ్ళు ఒక మూల టార్పాలిన్ కింద ఉంచాడు. రెండు తలుపుల కారు. నేను చేరిన రెండో ఏడు ఆ టార్పాలిన్ తీశాడు. ఎందుకంటే కళ్ళు పోతున్నాయి. చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా చూడదల్చుకున్న చోటే కనిపించదు. నెలకోసారి ఆసుపత్రికి వెళ్ళి కంట్లోకి ఇంజెక్షన్ చేయించుకునేవాడు. ఇక్కడ ఎనభై నిండితే డాక్టరు సంతకం పెడితేనే లైసెన్సు కొనసాగుతుంది. పగటిపూట దగ్గర దూరాలకి ప్రస్తుతం ఫర్వాలేదని, పుట్టినరోజు తర్వాత మాత్రం సంతకం పెట్టనని డాక్టరు ముందే చెప్పేశాడు. పుట్టినరోజు ఏప్రిల్‌లో. ఆలోగా తన కారుని తనే నడుపుకుంటూ క్లీవ్‌డన్ ఊరి మీదుగా సముద్రపు ఒడ్డున కావాకావా బే దాకా వెళ్ళి రావాలి. ఒక్కసారి చాలు. ఆయన కోరిక అంతే.

"ఊళ్ళో వాళ్ళందరి కార్లూ ఆ రోడ్డు మీద టెస్టు చేశాను," అన్నాడు ఒకరోజు. "ప్రతిసారీ తాళాలు ఇచ్చేయాల్సి వచ్చింది."

ఆ వేసవంతా పనిచేశాం. ఇక్కడ వేసవి వచ్చేది డిసెంబరు, జనవరిల్లో, ఆ ఎండల్లో రేకుల షెడ్డు పెనంలా కాలేది. పైకప్పు కొయ్యడం, ఇంజను కూర్చోబెట్టడం ఇద్దరం చేశాం. ముందు యాక్సిల్‌ని ఛాసిస్‌కి, అంటే కారు అడుగు చట్రానికి, పట్టి ఉంచే బ్రాకెట్లు మాత్రం తనే వెల్డింగు చేస్తానన్నాడు. ప్రాణం ఆధారపడేది అక్కడే కాబట్టి అది ఇంకొకరికి ఇవ్వనన్నాడు. ముఖం ఒక పక్కకి తిప్పుకుని, కంటి అంచుతో మంటను చూస్తూ, ఎడమచేతి వేళ్ళతో దారి వెతుక్కుంటూ నాలుగు రోజులు వేశాడు. నేను పక్కన నిలబడి ఇనుము పట్టుకున్నాను. నేనైతే గంటన్నరలో వేసేవాణ్ణి. ఆ మాట అప్పుడు మనసులో అనుకున్నానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

మార్చిన కారు రోడ్డెక్కాలంటే ఇన్‌స్పెక్టరు వచ్చి అంగుళం అంగుళం చూసి పాస్ చెయ్యాలి. పాసైతే చిన్న లోహపు ప్లేటు ఇస్తాడు, దాన్ని కారుకి బిగించాలి. మా వైపుకి ఆయన ఆరేడు వారాలకోసారి వచ్చేవాడు. ఫిబ్రవరి చివర్లో తేదీ దొరికింది. పాసైతే, రిజిస్ట్రేషన్ నంబరు కాగితాలు రావడానికి పోను, పుట్టినరోజుకి ఇంకా నెల మిగులుతుంది.

ఇన్‌స్పెక్టరు వచ్చే ముందురోజు ముసలాయన ఇంజెక్షన్‌కి ఆసుపత్రికి వెళ్ళాడు. నేను కారు కింద పడుకుని టార్చి వేసి చూశాను. బ్రాకెట్ల మీద ఆయన వేసిన అతుకులు గట్టిగానే ఉన్నాయి, కానీ వంకరగా పోయాయి. రెండు చోట్ల దారి తప్పి మళ్ళీ వెనక్కి వచ్చాయి. ఒకచోట చింతగింజంత బొడిపె. కళ్ళు లేని మనిషి వేశాడని ఆ అతుకులు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. రేపు ఇన్‌స్పెక్టరు వాటిని చూసి ఆయన వైపు చూసే చూపు నాకు ముందే కనిపించింది. నాకు జాలేసింది. జాలితో పాటు చేతి దురద కూడా. నాలాంటి పనివాడు ఉండగా ఈ షెడ్డు నుంచి ఇలాంటి అతుకు బయటికి వెళ్తుందా అనుకున్నాను.

గ్రైండర్ తీశాను. మధ్యాహ్నం దాకా రుద్దాను. తర్వాత గరుకు కాగితం పట్టాను. బొటనవేలు పెట్టి లాగితే ఎక్కడా తగల్లేదు. బ్రాకెటూ ఛాసిస్సూ ఒకే ముక్కలో పోతపోసినట్టు ఉన్నాయి. ఆటోనగర్ మేస్త్రి చూసి ఉంటే టీ తెప్పించేవాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఇవాళ ఒక మంచి పని చేశానని మా ఆవిడతో చెప్పాను. అడగకుండా ఎందుకు చేశారు అంది. చెప్తే ఆయన వద్దంటాడు కదా అన్నాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు చక్రాల బల్ల మీద పడుకుని కారు కిందికి జరిగాడు. చాలాసేపు అక్కడే ఉన్నాడు. తర్వాత బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"ముందు బ్రాకెట్ల అతుకులు ఎవరు రుద్దారు?" అన్నాడు.

రుద్దకూడదట. యాక్సిల్ దగ్గరా స్టీరింగు దగ్గరా అతుకు వేసింది వేసినట్టే ఉండాలి. దాని వరసలు చూసి కదా లోపలికి ఇనుము ఎంత కరిగి పట్టుకుందో తెలిసేది. రుద్దేస్తే పైన ఉన్న బలం పోతుంది, లోపల ఏముందో కూడా తెలియదు. నేను అప్పటిదాకా ఆ షెడ్డులో రేకుల పనే చేశాను, రేకులు రుద్దితే ఎవరూ ఏమీ అనలేదు. ఛాసిస్ అతుకుల సంగతి నాకు తెలియదు. అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తెలిసేది.

నేను నోరు తెరిచేలోపు ముసలాయన మాట్లాడాడు.

"నేనే రుద్దాను," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆయన్ని ముప్ఫై ఏళ్ళుగా ఎరిగినవాడు. కాసేపు ఆయన ముఖంలోకి చూసి మెల్లగా, "నీకు తెలుసు కదా," అన్నాడు.

"మర్చిపోయాను."

"వంకరగా ఉన్నా ఒప్పుకునేవాణ్ణి. అందంగా ఉందా లేదా అని నేను చూడను కదా. పట్టుకుందా లేదా అనే చూస్తాను."

ముసలాయన తలూపాడు. ఇన్‌స్పెక్టరు కాగితం మీద రాశాడు. బ్రాకెట్లు కోసి తీసెయ్యాలి, కొత్తవి చేసి మళ్ళీ వెయ్యాలి. తను మళ్ళీ వచ్చేది ఏప్రిల్ మూడో వారంలో. పుట్టినరోజు రెండో వారంలోనే అయిపోతుంది. ముందుగా రమ్మని బతిమాలాను. వేరే ఊళ్ళన్నీ, ఎక్కడో దూరాన ఉన్న పామర్‌స్టన్ నార్త్ దాకా, ఒప్పుకుని ఉన్నానన్నాడు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర నా భుజం మీద చెయ్యి వేసి, "ఇక ఆయన్ని వెల్డింగు దగ్గరికి రానివ్వకు. వయసైపోయింది," అన్నాడు.

నేను నోరు మెదపలేదు. నా వీసా నా కళ్ళ ముందు ఆడింది, అది నిజమే. కానీ వీసా లేకపోయినా ఆ క్షణంలో నేను చెప్పి ఉండేవాణ్ణని ఇప్పటికీ నమ్మకంగా చెప్పలేను.

లోపలికి వచ్చాను. ముసలాయన బ్రాకెట్ మీద బొటనవేలు పెట్టి మెల్లగా లాగుతున్నాడు. అటొకసారి, ఇటొకసారి.

"ఎందుకలా చెప్పారు మేస్త్రీ?" అన్నాను.

"ఆ ఇన్‌స్పెక్టరు అన్ని షెడ్లకీ వెళ్తాడు. నువ్వు రుద్దావంటే ఇక నీకెక్కడా పని దొరకదు. నేనింకో కారు కట్టబోను. నువ్వు కట్టాలి," అన్నాడు. ఇంకోసారి వేలు లాగి, "బాగా రుద్దావు," అన్నాడు. వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకి అంతా చెప్పాను.

"రేపు ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేసి నిజం చెప్పెయ్యండి," అంది.

"చెప్తే మనం పెట్టెలు సర్దుకోవాల్సి వస్తుందేమో."

ఆమె చారు గిన్నె నా వైపు జరిపింది. తర్వాత రోజుల్లో ఆమె ఆ సంగతి ఎత్తలేదు, నేను ఎప్పుడు ఎత్తుతానా అని చూసేది.

ముందు భాగమంతా మళ్ళీ విప్పాం. పాత బ్రాకెట్లు నేనే కోశాను. కొత్తవి నేనే వేశాను. ఈసారి ఆయన పక్కన నిలబడి ఇనుము పట్టుకున్నాడు. నా అతుకు పరిచిన నాణేల్లా వరసగా వచ్చింది. పూర్తయ్యాక ఆయన తడిమి చూసి బాగుందన్నాడు. ఆయన పుట్టినరోజు పనిదినమే వచ్చింది. మా ఆవిడ చేసిన రవ్వలడ్లు తీసుకెళ్ళాను. రెండు తిని, జేబులోంచి లైసెన్సు తీసి టూల్ బాక్సు పై అరలో, విరిగిన డ్రిల్లు ముక్కల పక్కన పెట్టాడు.

ఏప్రిల్ మూడో వారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కారు కింద అయిదు నిమిషాలు కూడా లేడు. బయటికి వస్తూనే, "మొదటే ఇతన్ని వెయ్యనిచ్చి ఉండాల్సింది," అని ముసలాయనతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అప్పుడు చెప్పాను. నిజంగా చెప్పాను. మొదటి అతుకులు ఆయన గట్టిగా వేశారని, వాటిని రుద్దింది నేనని, ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజు అడగకుండా రుద్దానని. రెండు నెలలుగా లోపల నలిగిన మాటలు కదా, ఒక్కసారిగా వచ్చేశాయి.

ఇన్‌స్పెక్టరు నా వైపూ, ఆయన వైపూ చూశాడు. ముసలాయన చిన్నగా తల అడ్డంగా ఊపాడు.

"వీడెప్పుడూ ఇంతే. నన్ను వెనకేసుకొస్తాడు," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆ మాటే నమ్మాడు. నా వీపు తట్టి, "మంచివాడివయ్యా," అన్నాడు. నేను మళ్ళీ నోరు తెరిచాను, కానీ ఆయన అప్పటికే ప్లేటు కోసం సంచి వెతుక్కుంటున్నాడు. ఫిబ్రవరిలో గేటు దగ్గర ఒక్క మాటతో అయిపోయే పని ఏప్రిల్‌లో ఎన్ని మాటలు చెప్పినా కాలేదు.

నంబరు కాగితాలు కూడా వచ్చాక ఒక ఉదయం ముసలాయన నాకు తాళాలు ఇచ్చాడు. పక్క సీట్లో కూర్చోండి, ఇద్దరం వెళ్దాం అన్నాను. బతిమాలాను కూడా.

"ఈ కారులో పక్క సీటు నాకోసం పెట్టుకోలేదు," అన్నాడు. "నువ్వు కావాకావా బే దాకా వెళ్ళి రా. స్టీరింగు వదిలితే ఎడమకి లాగుతుందేమో చూడు."

వెళ్ళాను. క్లీవ్‌డన్ దాటాక పొలాలు, తర్వాత ఒక పక్క సముద్రం. ఎదురొచ్చినవాళ్ళు చేతులూపారు, ఒకతను కారాపి ఫోటో తీసుకున్నాడు. రోడ్డు తిన్నగా ఉన్నచోట స్టీరింగు వదిలి చూశాను. కారు గీత గీసినట్టు వెళ్ళింది. బే దగ్గర దిగకుండానే వెనక్కి తిప్పాను.

వచ్చేసరికి ఆయన షెడ్డు ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఇంజను ఆపేదాకా చెవి ఇటు పెట్టి విన్నాడు.

"ఎడమకి లాగిందా?"

"లేదు మేస్త్రీ."

"కుడికి?"

"లేదు."

ఆయన చెవి ఇంకా ఇటే పెట్టి ఉంచాడు. ఏదో ఒక లోపం చెప్తానేమో, మళ్ళీ విప్పి సరిచేసే పని ఉంటుందేమో అని ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

"అయితే అయిపోయినట్టే," అని లేచి, షెడ్డు తలుపు వెయ్యడానికి గొళ్ళెం కోసం చేత్తో తడుముకున్నాడు. నేను సాయం వెళ్ళబోయాను. వద్దన్నాడు.