జెర లేస్తవా?

ఫ్యాక్టరీలో మొదలైన తగాదా ముదిరి, పటాన్‌చెరులో స్థానిక కూలీలు, బీహారు కూలీలు కొట్టుకుంటున్న రోజులవి. నేనెక్కిన సంగారెడ్డి బస్సును ఒక గుంపు ఆపింది. హిందీలో బతిమాలుతున్న ఒక ముసలాయనను జుట్టు పట్టి కిందికి లాగారు. ఇనుప కడ్డీ దెబ్బకు ఆయన చెయ్యి విరిగిన చప్పుడు నా సీటు దాకా వినిపించింది. నేను కదల్లేదు.

వెనక సీట్లోంచి స్కూలు యూనిఫాంలో ఉన్న ఇద్దరమ్మాయిలు కిందికి దూకారు. పదిహేనేళ్లుంటాయి. ఒకమ్మాయి "మత్ మారో!" అని, కొట్టొద్దని హిందీలో ఏడుస్తూ ఆయన మీద అడ్డంగా పడింది. రెండో అమ్మాయి వాళ్లిద్దరి ముందు చేతులు చాపి నిలబడింది.

కడ్డీ పట్టుకున్నవాడు ఆమెను గుర్తుపట్టాడు. "నువ్వు మనూరి పిల్లవే గదనే! పక్కకు జరుగు."

"జరుగ. గీ పిల్ల నా దోస్తు. ముందుగాల నన్ను కొట్టు, సిన్నాయనా."

గుంపులోంచి వచ్చిన రాయి ఆమె నుదురు చీల్చింది. రక్తం కళ్లలోకి కారుతున్నా ఆమె చేతులు దించలేదు. ఆ రక్తం చూసి చిన్నాయనే కడ్డీ కింద పడేసి, మిగతావాళ్లను వెనక్కి నెట్టాడు.

ఇద్దరూ ముసలాయనను మోసుకుంటూ బస్సెక్కారు. నుదురు పగిలిన అమ్మాయి నా సీటు దగ్గర ఆగింది.

"అన్నా, జెర లేస్తవా? తాతను కూసోబెట్టాలె."

లేచాను. పేరైనా అడగలేకపోయాను. ఇప్పటికీ ఎక్కడైనా ఎవరినైనా కొడుతుంటే ఆ మాటే వినిపిస్తుంది. లేస్తాను.