ఏటి ఇసుకలో చెలమ

ఇంటి ముందు లారీ దింపిన మునేటి ఇసుక తడివాసనకి రూతు టీచర్ గుర్తొచ్చి తలదించుకున్నాను.

నందిగామలో ఆరో తరగతప్పుడు ఆవిడ మా గైడ్స్ పిల్లల్ని ఏటి వెంట కొండకి నడిపించారు. దారిలో నా సీసా ఖాళీ అయింది. ఆవిడ తన సీసా అందించారు. ఆవిడ కులం వాళ్ళ చేతి నీళ్ళు ముట్టొద్దని నాయనమ్మ చెప్పి పంపింది.

"దాహం లేదండి" అన్నాను, ఎండిన పెదాలు తడుపుకుంటూ.

ఆవిడ సీసా మూత బిగించి, "అయితే చెలమ తవ్వడం నేర్చుకుందువుగాని రామ్మా. నీ చేత్తోనే తవ్వుకో" అన్నారు. ఎక్కడ తవ్వాలో చూపించి, చేతులు కట్టుకుని పక్కన కూర్చున్నారు. నీళ్ళు ఊరాక కడుపునిండా తాగాను.

చెలమ తవ్వడం వచ్చేసిందని ఇంట్లో గొప్పగా చెప్పాను. పదకొండేళ్ళ పిల్ల ముందు ఆవిడ చేతులెందుకు కట్టుకున్నారో తెలిసేసరికి నేనూ టీచర్నయ్యాను.