మామ చేనులో నా గీతలు

ఉద్యోగం కొత్తలో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. తెలియనివన్నీ తర్వాత జీతంతో పాటు ఏటేటా పెరిగాయి. ఆ రోజుల్లో హైదరాబాదులో, చమురు వెతికే ఒక కంపెనీలో, గీతలు కలపడం నా పని. భూమిలోకి చప్పుడు పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి గీసిన గీతలు ఒక పక్క. తవ్విన బావిలో మీటర్ల లెక్కన కొలిచిన గీతలు ఇంకో పక్క. చమురు పొర మరీ పలుచనైతే చప్పుడుకు విడిగా చిక్కదు, బావి గీతతో కలిపి చూస్తేనే దాని జాడ తెలుస్తుంది. రెండూ కలవకపోతే ఒకదాన్ని కాస్త సాగదీయొచ్చు. (మా పెద్దసారు "కొంచెమే సాగదీయమ్మా, గట్టిగ గుంజితే ఏ గీతైనా దేనితోనైనా కలుస్తది" అనేవారు. సాగదీతలో నాకు పుట్టుకతో వచ్చిన ప్రతిభ ఉంది; ఈ పేరానే సాక్ష్యం.)

అప్పుడే సెలవు మీద మా మేనమామ ఊరు పెద్దమందడి పోయాను. మామ పల్లి చేను సరిగ్గా కాయ ఊరే వేళకు ఎండుతోంది, పాత బోరు వట్టిపోయింది. కొత్త బోరు వేసే బండి మర్నాడు వస్తుంది. నీళ్లు పడకపోతే పంట పోయినట్టే.

"సముద్రం కింద నూనె దొరకవడ్తవంట గద బిడ్డా. నా చేన్ల నీళ్లు ఏడున్నయో జర చెప్పు" అన్నాడు మామ.

"అది వేరే, ఇది వేరే మామా. మన దగ్గర అంతా బండరాయే."

"గంత సదివి గిదేందే. కొబ్బరికాయ పట్టుకొని నీళ్ల జాడ చూసేటాయన గూడ ఏదో ఒకటి చెప్తడు" అంది అత్త.

దాంతో నాకు పౌరుషం వచ్చింది. చప్పుడు యంత్రం లేదు కాబట్టి, చుట్టుపక్కల బోర్ల లోతులైనా కలుపుదామని బయల్దేరాను. మా వైపు నీళ్లు పడ్డవాడు నిజమైన లోతు చెప్పడు. దిష్టి తగులుతుందని ఒక భయం, పక్కనే ఇంకొకడు బోరు దింపుతాడని మరో భయం. "ఏం నీళ్లమ్మా, పిల్లి ఉచ్చ లెక్క వస్తున్నయ్" అన్న పెద్దాయన వెనకే కాలువ నిండుగా పారుతోంది. పడనివాడేమో తన బాధకు తగ్గట్టు లోతు పెంచి చెప్పాడు. ఏ రెండూ కలవలేదు. ఒకరిని కాస్త గుంజాను, ఇంకొకరిని కాస్త నొక్కాను. ఫోన్‌లో ముచ్చటైన గీత ఒకటి తయారై, వయ్యారంగా మామ చేను మూలకు చేరింది.

"ఈడ మామా. రెండు వందల అడుగులకు" అన్నాను.

మర్నాడు రెండు వందలు దాటింది, మూడు వందలూ దాటింది. తెల్లటి దుమ్ము లేచి అందరి మీదా పడింది, నా మీద కొంచెం ఎక్కువగా. బండాయన "ఆపాల్నా, ఇంక ఏయాల్నా?" అని అడిగాడు. మామ అతని వైపు కాదు, నా వైపు చూశాడు. ఎండుతున్న చేనంతా ఆ చూపులో ఉంది. సాగదీయడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

"తెల్వదు మామా" అన్నాను.

మామ కాసేపు తల గోక్కున్నాడు. "నాకు గూడ తెల్వదు. ఇంకో రెండు రాడ్లు దింపు" అన్నాడు బండాయనతో.

రెండో రాడ్ సగంలో ఉండగా దుమ్ము తడిసింది. బురద వచ్చింది, తర్వాత నీళ్లు. సన్నని ధారే గానీ ఆగలేదు. చేను సగం దక్కింది.

ఊళ్లోవాళ్లు నన్ను మెచ్చుకోబోతే మామ అడ్డుపడ్డాడు. "మా కోడలు చెప్పిన కాడ దుమ్ము పడ్డది. తెల్వదన్న కాడ నీళ్లు పడ్డయ్."

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు గీతలు కలపడం నేనే నేర్పిస్తున్నాను. ఎవరి గీతలైనా మరీ అందంగా కలిసిపోతే, ఎండలో నిలబడి మామకు వేలు పెట్టి చోటు చూపిస్తున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. ఆమె తెలివి నాకక్కర్లేదు గానీ, ఆ ధీమా మాత్రం అప్పుడప్పుడు ఒక పూటకైనా అరువడగాలనిపిస్తుంది.