బెరకాకు మొదటి ముద్ద

మిద్దె మీది కుండీల్లో కోసుకొచ్చిన ఆకులన్నీ కలిపి మా అమ్మాయి ఈరోజు మొదటిసారి కూర వండింది. పప్పుగుత్తితో ఎనుపుతుంటే వచ్చిన వాసనకు పలమనేరులోని మా వంటిల్లు గుర్తొచ్చింది.

చేలో దొరికిన నాలుగు రకాల ఆకులు కలిపి వండే కూరను అక్కడ బెరకాకు అంటాం. చిన్నప్పుడు ఒకరోజు, మొదటిసారిగా ఆ ఆకు నేను కోసుకొచ్చాను. సంగటి వడ్డించాక, చేటలో మిగిలిన ఒక ఆకును అవ్వ ఎత్తి చూసింది.

“ఇది యాడ కోసినావు పాపా?”

“గట్టు మీద.”

గట్టు మీద అచ్చం అలాంటిదే విషపు ఆకు కూడా మొలుస్తుంది. అందరి చేతులూ ఆగిపోయాయి.

“పారబొయ్యండి” అన్నాడు నాయన.

“ఉండ్రా. కొత్త సెయ్యి కోసిన ఆకు పెద్దోళ్లే ముందు తినాల” అంటూ అవ్వ ముద్ద మింగింది. మేమంతా ఆమె ముఖమే చూస్తున్నాం.

చాలాసేపటికి అంది: “గురుగాకే, తినే ఆకే. ఉప్పే సాల్లేదు.”

ఈరోజు అమ్మాయి అందరికీ వడ్డించేలోగా నేనొక ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

“అంత ఆకలా అమ్మా?”

“ఉప్పు చూస్తున్నాలే” అన్నాను.